గేటు దగ్గరి ఫోను

"తల్లిని గేటు బయట నిలబెట్టే యాప్ ఎవడిక్కావాలి సార్?"

మీటింగు గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. డేటాబేసక్క గొంతు పెంచడం అంతకుముందు ఎవరూ వినలేదు.

ఆ పేరు ఆఫీసులో సరదాకి పెట్టిందే. సమాచారం ఎక్కడ దాచాలి, ఎలా దాచాలి అన్న మాట వస్తే చాలు, ఆవిడ అన్నం నీళ్లు మర్చిపోయి వాదిస్తుంది. అప్పుడు వాళ్లు తయారుచేస్తున్నది పిల్లల సంరక్షణ కేంద్రాలకి ఒక మొబైల్ యాప్. పిల్లను తీసుకెళ్లడానికి ఎవరైనా వస్తే గేటు దగ్గర ఆయా ఫోన్లో చూస్తుంది. వచ్చినవాళ్ల ఫొటో పక్కన పచ్చ గుర్తు ఉంటేనే పిల్లను అప్పగిస్తుంది. పేర్లు చేర్చడం, తీసేయడం ఆ కేంద్రాల హెడ్డాఫీసు పని. ఇంతేగా అనుకుని మొదలుపెట్టిన వాళ్లందరికీ తల ప్రాణం తోకకొచ్చింది.

ఏ సాధనాలతో తయారుచేయాలన్నది ఒక్క పూటలో తేలిపోయింది. ఒకసారి కోడు రాస్తే రెండు రకాల ఫోన్లలోనూ నడిచేదాన్ని ఎంచుకున్నారు. పేచీ అంతా డేటాబేసు దగ్గరే వచ్చింది. ఉన్నవి రెండు రకాలు. ఒకటి పూర్తిగా సర్వర్లో ఉంటుంది. ఆయా నొక్కిన ప్రతిసారీ నెట్ మీద వెళ్లి అడిగొస్తుంది. రెండోది ఫోన్లోనే ఒక నకలు పెట్టుకుంటుంది. నెట్ ఉంటే సర్వర్‌తో సరిచూసుకుంటుంది, లేకపోతే తన దగ్గరున్నదే చూపిస్తుంది.

మేనేజరుకి మొదటిదే ముద్దు. అక్క రెండోదాన్ని పట్టుకుని వదల్లేదు.

"మా పాప ఉండే కేంద్రంలోని పాత యాప్‌తో నేను పడ్డాను సార్. ఆ రోజు వాన, నెట్ పోయింది. గేటుకి ఇవతల నేను, అవతల మా పాప. అది ఒకటే ఏడుపు. నేనెవరో ఆయాకి బాగా తెలుసు. అయినా ఫోను 'ఆగండి' అంటోందని పిల్లను ఇవ్వలేదు. చీకటి పడేదాకా అలాగే తడుస్తూ నిలబడ్డాను. పగవాళ్లకి కూడా వద్దు ఆ బాధ."

మేనేజరు సరేనన్నట్టు తలూపాడు.

యాప్‌లో తప్పులు పట్టే టెస్టర్ మాత్రం చెయ్యెత్తాడు. అతన్ని అందరూ సందేహాలరావు అని ఏడిపిస్తారు.

"అక్కా, ఒక్క డౌటు. నెట్ లేనప్పుడు హెడ్డాఫీసులో ఎవరి పేరైనా తీసేశారనుకోండి. గేటు దగ్గరి ఫోనుకి తెలీదు కదా? పాత పచ్చ గుర్తే చూపిస్తుంది."

"నెట్ రాగానే సరైపోతుంది."

"వచ్చేలోపు?"

"వచ్చేలోపు కొంపేం మునిగిపోదురా! కన్నతల్లి పేరు ఎవరు తీసేస్తారు?"

గదంతా గొల్లున నవ్వింది. సందేహాలరావు కూడా నవ్వేసి కూర్చున్నాడు. అక్క మాటే నెగ్గింది.

నెగ్గి ఏం బావుకుంది? చాకిరీ. ఆవిడ ఇల్లు చేరేసరికి పాప నిద్రలో ఉండేది, పొద్దున అది లేవకముందే ఆవిడ మళ్లీ బయల్దేరేది. పెరుగుతున్న పిల్లను నెలల తరబడి అది కళ్లు మూసుకుని ఉండగానే చూసింది. "పిల్లకంటే నీకు ఆ దిక్కుమాలిన యాపే ఎక్కువ" అని మొగుడు సాధించేవాడు. అది ఏ పిల్ల కోసం చేస్తోందో అతనికి అక్కర్లేదు. మొదట్లో ఆ మాట ఇంట్లోనే అనేవాడు. తర్వాత ఎవరడిగినా అదే చెప్పుకొచ్చాడు, అడగాల్సినవాళ్లు అడిగినప్పుడు కూడా.

యాప్ ఊళ్లోని కేంద్రాలన్నిటికీ వెళ్లింది. పాప ఉండే చోటికీ వెళ్లింది.

ఇవాళ పొద్దున పాపను దింపి వస్తూ, కేంద్రం మెట్ల కింద నెట్ పెట్టె దగ్గర ఆగి, వంగి, చెప్పు పట్టీ సరిచేసుకుంది. అక్కణ్ణించి వేరే పని మీద వెళ్లింది. ఆ పని అయ్యాక ఆఫీసుకి వెళ్లబుద్ధి కాలేదు. ఇంటికెళ్లి సంచీ భుజానేసుకుని నేరుగా పాప దగ్గరికే వచ్చేసింది.

"ఏంటమ్మా, ఇంత పెందలాడే వచ్చారు?" అంది ఆయా.

"పాపను చూడాలనిపించింది."

"పొద్దుట్నుంచీ నెట్ చచ్చింది. బాగుచేసేవాడు అదిగో ఇదిగో అంటున్నాడు. మీ యాప్ పుణ్యమా అని మాకేం ఇబ్బంది లేదులెండి."

ఆయా ఫోను నొక్కింది. అక్క ఆ తెరకేసే చూస్తోంది. తన ఫొటో వచ్చింది. పక్కనే పచ్చ గుర్తు.

"అయ్యో, ఆ కళ్లనీళ్లేంటమ్మా?"

"ఏం లేదు. అంత కష్టపడినందుకు పనిచేస్తోంది కదా, అందుకు."

పాప పరుగెత్తుకొచ్చి కాళ్లకి చుట్టుకుంది.

"ఇంటికేనా అమ్మా?"

"కాదు బంగారం. బస్సెక్కుదాం."

"ఏ ఊరు?"

"నువ్వు ఏది చెబితే అది."

పాప ఎగిరి గంతేసింది. ఆయా గేటు తీసింది. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా నవ్వుతూ చెయ్యి ఊపుతూనే ఉంది.

పాపను తండ్రికి అప్పగించమని పొద్దున కోర్టు తీర్పు ఇచ్చిందనీ, ఆ వెంటనే హెడ్డాఫీసు వాళ్లు తల్లి పేరు తీసేశారనీ గేటు దగ్గరి ఆ ఫోనుకి ఇంకా తెలియదు.