శంకువు మొన

"అయితే ఇది మూల కాదంటావ్?"

అట్టతో చేసిన శంకువును కోడలి ముక్కు ముందు పెట్టి నిలదీసింది అత్త. జీవితమంతా లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కోడలూ లెక్కల టీచరే. ఐదో తరగతి పరీక్షకు ప్రశ్నలు రాస్తూ, జవాబుల దగ్గర 'శంకువుకు మూలలు: సున్నా' అని వేయడమే ఆమె చేసిన నేరం.

"కాదండీ అత్తయ్యా. అంచులు కలిసే చోటుని కదా మూల అంటాం? శంకువుకి ఉన్నదే ఒక్క అంచు. అదీ అడుగున గుండ్రంగా తిరుగుతోంది. మొన దాకా ఎక్కే అంచేదీ?"

"వేలు పెట్టి చూడు, గుచ్చుకుంటుందో లేదో!"

"సూదీ గుచ్చుకుంటుంది. మరి సూదికి ఎన్ని మూలలంటారు?"

అత్తకు ఒళ్ళు మండిపోయింది. "నా లెక్క తప్పన్న ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను! ఒరే అబ్బాయ్, టాక్సీ పిలువు. చెల్లెలింటికి పోతాను" అంటూ విసవిసా గదిలోకి వెళ్ళింది.

ఇద్దరి మధ్యా టీ కప్పుతో కూర్చున్న అబ్బాయి గుండెల్లో రాయి పడింది. అతను హోటల్లో వంటవాడు. ఉప్పు కూడా కొలవకుండా చేత్తో విసిరే రకం. ఘనాలూ శంకువులూ అతని బుర్రకు ఏనాడూ ఎక్కలేదు. కానీ పొద్దున టీ దగ్గర మొదలై పక్కలు వేసేదాకా సాగే ఈ వాదన వినకపోతే అతనికి ముద్ద దిగదు. అమ్మ అలగడం కొత్త కాదు గానీ, అటక మీది పెట్టె కిందికి దిగడం మాత్రం ఇదే మొదటిసారి. అమ్మ లేని ఇంట్లో తామిద్దరూ మొహమొహాలు చూసుకుంటూ కూర్చోవడం ఊహించుకుంటేనే అతనికి ఏడుపొచ్చింది.

భార్య వెనకే పరుగున వంటింట్లోకి వెళ్ళాడు. "నీకు దణ్ణం పెడతాను, ఒక్క మూల ఒప్పుకోవే. నీ సొమ్మేం పోయింది?"

"నా సొమ్ము కాదండీ, పిల్లల మార్కులు పోతాయి."

"పోనీ, నీదీ కాదు ఆవిడదీ కాదు, అర మూల అనుకోండి. ఇద్దరూ సర్దుకుపోండి."

"మూలల్లో అరలుండవు!" వంటింట్లోంచి కోడలూ గదిలోంచి అత్తా ఒక్క గొంతుతో అరిచారు.

ఇక అతను టాక్సీకి ఫోన్ చేశాడు. అది రానే వచ్చింది. వాకిట్లో హారన్ మోగింది. అత్త ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో శంకువు పట్టుకుని బయటికొచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటుంటే కోడలు గబగబా వచ్చి అడ్డం నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆగండి అత్తయ్యా. మీరే రైటు. ఒక మూల ఉంది."

అబ్బాయికి పోయిన ప్రాణం లేచొచ్చింది. పెట్టె లోపలికి లాగబోయాడు. అత్త వదల్లేదు.

"నేను వెళ్ళిపోతున్నానని ఒప్పుకుంటున్నావా?"

"అందుకు కాదు. నాలుగు పక్కల పిరమిడ్‌కి మొన మూలే కదా? పక్కలు ఎనిమిది చేయండి, నూరు చేయండి, అప్పుడూ మూలే. అలా పెంచుకుంటూ పోతే చివరికి వచ్చేది శంకువే. అన్నాళ్ళూ మూలగా ఉన్న మొన ఆఖర్న ఎందుకు కాకుండా పోతుంది?"

అత్త కళ్ళు మెరిశాయి. పెట్టె దభీమని కింద పెట్టేసింది.

"బట్టలు సర్దుతూ నేనూ అదే ఆలోచించానే పిచ్చిదానా! పెంచుకుంటూ పోయేసరికి ఆ అంచులన్నీ ఏమయ్యాయి? ఒంట్లో కలిసిపోయి నున్నగా అయిపోలా? అంచే లేకపోతే మూలెక్కడిది? ఇందాక నువ్వన్నదే నిజం. సున్నా!"

"కాదు, మీరన్నదే నిజం. ఒకటి!"

"సున్నా అంటుంటే!"

"ఒకటే అత్తయ్యా!"

వాకిట్లో హారన్ ఆగకుండా మోగుతోంది.

"అమ్మా, అది నీ మాటే ఒప్పుకుందిగా! ఇంకా వెళ్తావా ఏమిటి?"

"టాక్సీని పంపించెయ్యరా" అంది తల్లి, చెప్పులు విడిచి చీర కొంగు నడుముకు బిగిస్తూ. "నా మొదటి మాట తప్పేనని నీ పెళ్ళాం ఒప్పుకునేదాకా ఈ గుమ్మం దాటేది లేదు!"