ముందు వెలుగు, తరవాత మోత

ఆ తెల్లవారుజామున ఫ్లోరిడా ఆకాశంలో మబ్బు తునక లేదు. నది మీద పారిన ఎరుపు మెల్లగా పసుపుకి తిరుగుతోంది. శుక్రవారం ఆగిపోయిన స్పేస్ షటిల్ ఈ ఆదివారమైనా లేస్తుందా అని, ఒడ్డున జనం కార్ల మీదికెక్కి చూస్తున్నారు.

"ఒక్కసారి పేరు పెట్టి పిలవవే శశీ. ఇది అమెరికా! పక్క కారులో ఆవిడ చూడు, మొగుణ్ణి కుక్కపిల్లని పిలిచినట్టు పిలుస్తోంది," అన్నాడు జగన్మోహన్.

"ఛీ, ఊరుకోండి. పేరు పెట్టి పిలిస్తే మీకే ఆయుష్షు తగ్గుతుంది," అంది శశికళ, పులిహోర డబ్బా మూత బిగిస్తూ.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే వరస. నా పేరు నీ నోట వినకుండానే పోతానేమో."

"అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి మీ ఫ్రెండ్‌కి."

దామోదర్ కళ్ళ దగ్గర్నుంచి బైనాక్యులర్స్ దించలేదు. "మొగుడూ పెళ్ళాల మధ్యలోకి నన్ను లాగకండమ్మా. వెలుగు ముందొస్తుంది. మోత ఇక్కడిదాకా రావడానికి టైమ్ పడుతుంది. ఈలోగా అంతా నిశ్శబ్దం. అది మిస్ కాకండి."

"అయితే పందెం!" అన్నాడు జగన్మోహన్. "ఆ మంట చూసి హడిలిపోయి అయినా పిలుస్తుంది. ప్రాణం మీదికొస్తే ఆడది తలుచుకునేది మొగుణ్ణేగా!"

శశికళ నవ్వింది.

రేడియోలో అంకెలు తగ్గుతూ వచ్చాయి. నది అవతల ఒక్కసారిగా తెల్లటి వెలుగు. పొగ అటూ ఇటూ విచ్చుకుంది. దాని మీద నిప్పు నిలబడి, ఎవరో చేత్తో ఎత్తుతున్నట్టు పైకి లేచింది. చప్పుడు లేదు. నీళ్ళలో కొంగ కూడా కదల్లేదు. ఇద్దరు మనుషులు ఆ నిప్పు మీద కూర్చుని వెళ్తున్నారు! జగన్మోహన్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

శశికళ అతని చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. ఆ నిశ్శబ్దంలో, గట్టిగా, పేరు పెట్టి అరిచింది.

అప్పుడొచ్చింది మోత. నేల, కారు అద్దాలు, గుండెలు అన్నీ అదిరాయి. కొంగ లేచిపోయింది.

పొగ చెదిరి వంకరలు పోయింది. రోడ్డు నిండా ఆగిన కార్లు. ఇప్పట్లో కదిలేలా లేవు. శశికళ మూడు పేపర్ ప్లేట్లలో పులిహోర పెట్టింది. దామోదర్ తల ఎత్తకుండా ఎండుమిరపకాయ ఏరి అంచున పెట్టుకున్నాడు. జగన్మోహన్ మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

ఇందాక శశికళ అరిచింది, "దామూ!" అని.