ఫూల్ సూడానీ

ఎవరో తలుపు తట్టారు.

రెడ్డెమ్మ మూడేళ్ళ దానాను మంచం వెనక్కి నెట్టి, తలుపు కొంచెమే తీసింది.

ఇరాకీ సైనికుడు కాదు. కువైట్‌లోని అబ్బాసియాలో ఆ బిల్డింగు పై అంతస్తులోకి కొత్తగా వచ్చిన మనిషి. నల్లగా, పొడుగ్గా ఉన్నాడు. తలుపు సందులోంచి ఒక పొట్లం అందించాడు.

"ఫూల్ సూడానీ," అన్నాడు మెల్లగా.

అంతే, మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

విప్పి చూస్తే వేయించిన వేరుశనగలు. దానా మంచం వెనకనుంచి తల బయటపెట్టి "సుబాల్!" అని కేరింత కొట్టింది. కువైటీలు వాటినలాగే అంటారు.

"నోరు ముయ్ తల్లీ!" రెడ్డెమ్మ దాని నోటిమీద చెయ్యి వేసింది.

దానా తండ్రి కువైట్ సైన్యంలో ఆఫీసరు. దేశాన్ని ఆక్రమించిన ఇరాకీలు ఆయన ఇంటివాళ్ళకోసం వాళ్ళుండే సల్వా పేట అంతా గాలిస్తున్నారు. "మా అన్న వచ్చి తీసుకుపోయేదాకా ఇది నీ బిడ్డ," అని యజమానురాలు ఏడుస్తూ చేతిలో పెట్టింది. రెడ్డెమ్మ బిడ్డను ఈ అబ్బాసియా గదికి తెచ్చి, నూనె రాసి జడ వేసింది, బొట్టు పెట్టింది. కానీ నోరు తెరిస్తే అచ్చమైన కువైటీ అరబ్బీ!

"ఏమనెనక్కా ఆ మనిషి?" అడిగాడు హుస్సేన్ పీరా. రాయచోటివాడు, సల్వాలో అదే యజమాని దగ్గర డ్రైవరు, ఆమెతోపాటే ఇక్కడికి వచ్చాడు.

"ఫూల్ సూడానీ అనె."

"ఫూల్ అంటే గింజలు. సూడానీ అంటే సూడాన్ దేశమోడు. గింజలు తినండి, నేను సూడానోణ్ణి అని చెప్పుకున్న్యాడు."

అరబ్బీలో తనను మించినవాడు లేడని పీరా నమ్మకం. రెడ్డెమ్మకూ అదే నమ్మకం.

"జాగ్రత్తక్కా. సూడానోళ్ళ సర్కారు ఇరాక్ దిక్కుండాదని రేడియోలో చెప్పిరి. ఈజిప్టోళ్ళయితే ఇరాక్ మీదికి సైన్యం పంపినారు. ఈజిప్టోడు దొరికితే ఇరాకీలు ఒళ్ళు చీరేస్తాండారు. సూడానోడికేం భయం?"

"రెండు దేశాలూ పక్కపక్కనే గదన్నా?"

"పక్కనుంటే? ఈజిప్టోళ్ళు తెల్లగుంటారు. టీచర్లు, ఇంజినీర్లు, సినిమాలు. సూడానోళ్ళు నల్లగుంటారు. గొర్రెలు, కరువు. మన సీమ కంటే అన్యాయం. ఆకలిగొన్నోడు దేనికైనా ఒప్పుకుంటాడు."

తన కడుపు కూడా కాలుతూనే ఉందన్న సంగతి పీరాకు గుర్తు రాలేదు.

మర్నాడు మెట్ల మీద ఆ మనిషి ఎదురయ్యాడు. కూపీ లాగుదామని రెడ్డెమ్మ వచ్చీరాని అరబ్బీలో అడిగింది.

"మీ దేశం ఎట్లుంటుంది?"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నది ఒకటే, దేశాలు రెండు. ఈజిప్టులో మేడలున్నాయి, కరెంటుంది, బడులున్నాయి. రొట్టెకోసం మాత్రం వరసలో నిలబడాలి. సూడాన్‌లో మట్టిళ్ళు. కానీ దారినపోయేవాణ్ణి తిండి పెట్టకుండా పోనివ్వరు. ఆనకట్ట కట్టినప్పుడు మా ఊరు మునిగింది. మావాళ్ళు సగం అటు, సగం ఇటు. పెళ్ళిపాటలు ఇప్పటికీ ఒకటే."

రెడ్డెమ్మ మనసు కలుక్కుమంది. సోమశిల నీళ్ళలో ఆమె మేనత్త ఊరూ మునిగింది.

"మరి నువ్వు ఎటు?"

అతను నవ్వి, జవాబు చెప్పకుండా వెళ్ళిపోయాడు.

"చూసినావా, దాస్తాండాడు!" అన్నాడు పీరా, సంగతి విని.

ఆ వారంలోనే సైనికులు వచ్చారు. పట్టపగలు, బూట్లతో తలుపు తన్నుకుంటూ.

ఒకడు దానా గడ్డం పట్టుకుని పైకెత్తాడు. "ఎవరి బిడ్డ?"

"నా బిడ్డే అయ్యా."

"ఇంత తెల్లగానా?"

రెడ్డెమ్మ ఏం చేయాలో తెలియక పైకి చూపించింది. "పైన సూడానీ ఉన్నాడు. మీ మనిషే. అతన్నడగండి!"

ఇద్దరు పైకి పరిగెత్తి అతన్ని తీసుకొచ్చారు.

దానా అతన్ని చూసింది. మొహం విప్పారింది. "సు..." అనబోయింది.

అతను గబుక్కున వంగి, జేబులోంచి గుప్పెడు వేరుశనగలు తీసి దాని నోట్లో పెట్టాడు.

"ఈ ఇండియా ఆమె బిడ్డే. పుట్టుమూగ," అన్నాడు అరబ్బీలో.

సైనికుడు దానాను వదిలేశాడు. అతని వైపు తిరిగాడు.

"ఏమన్నావ్? మళ్ళీ చెప్పు."

అతను ఒక్క క్షణం ఆగి, మళ్ళీ చెప్పాడు.

సైనికులు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. చెరో భుజం పట్టుకుని కిందికి నడిపించారు. పీరా కిటికీలోంచి తొంగిచూశాడు.

"జీపులో నడిమధ్యన కూర్చోబెట్టుకున్న్యారక్కా. ఎంత మర్యాద!"

"మరి మనకోసం అబద్ధమెందుకు చెప్పె?"

"రేపొచ్చి దానికి బదులడుగుతాడు చూడు."

రెడ్డెమ్మ భయపడుతూనే ఎదురుచూసింది. అతను రాలేదు. దానా మేనమామ వచ్చి బిడ్డను తీసుకుపోయాడు. రెడ్డెమ్మ, పీరా మిగతా ఇండియావాళ్ళతో కలిసి బస్సుల్లో జోర్డాన్‌లోని శరణార్థుల శిబిరం చేరారు.

పక్క గుడారంలో తలపాగా చుట్టుకున్న ఒక సూడాన్ ముసలాయన ఉన్నాడు. ఒకరోజు దోసిలినిండా వేరుశనగలు తెచ్చి రెడ్డెమ్మ కొంగులో పోశాడు.

"ఫూల్ సూడానీ!" అంది రెడ్డెమ్మ, తనకూ తెలుసన్నట్టు.

ముసలాయన పకపకా నవ్వాడు.

"మా గింజలకు మా దేశం పేరు మేమెందుకు తగిలిస్తాం తల్లీ? మేం ఉత్త ఫూల్ అంటాం."

"మరి ఫూల్ సూడానీ అనేదెవరు?"

"ఈజిప్టోళ్ళు. వేరుశనగలకు వాళ్ళ మాట అది. మా సరిహద్దు దగ్గర వాళ్ళలోనూ మాలాగే నల్లనివాళ్ళుంటారు. నోరు విప్పితేనే, యాసను బట్టి తేడా తెలిసేది."

పీరా తల దించుకున్నాడు.

రెడ్డెమ్మ కొంగు జారి గింజలన్నీ ఇసుకలో పడ్డాయి. ఆ రోజు తలుపు సందులోంచి ఆ ఈజిప్టు మనిషి చెప్పింది తన దేశం పేరు కాదు, బిడ్డకోసం తెచ్చిన వేరుశనగల పేరు.