చేత్తో చేర్చిన మాటలు

“కనీసం ఆయన పేరైనా తీసెయ్. ‘గతంలో ఒక పరిశోధన’ అని రాస్తే పోయేదేముంది?” అన్నారు గైడు త్సెంగ్ మాస్టారు, డబ్బాలోని భోజనం సగంలో వదిలేసి.

“పేరు తీసేస్తే ఎవరి గురించో ఎలా తెలుస్తుంది మాస్టారూ?”

“అందరికీ తెలుస్తుంది. నా భయం అదే.”

తైవాన్‌లోని సిన్‌చూలో పెయ్‌యిన్ పిహెచ్‌డికి ఇది ఏడో ఏడు, ఆఖరు ఏడు. జులైలోగా ఒక్క పరిశోధన పత్రమైనా సదస్సుకు ఎంపిక కాకపోతే పట్టా రాదు. చేతిలో ఉన్నది ఈ ఒక్క పత్రమే. అది కూడా ప్రొఫెసర్ ఔయాంగ్ పొరబడ్డారని చెప్పే పత్రం.

ఔయాంగ్ అంటే మాటలా! చైనీస్ రాతలో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. ఎక్కడ విడగొట్టాలో తెలియక కంప్యూటరు తికమకపడుతుంది. వెతకమన్నది ఒకటైతే తెచ్చేది ఇంకొకటి. ఇరవై రెండేళ్ల కిందట ఔయాంగ్ దానికొక పద్ధతి చెప్పారు. యాభై పరీక్ష ప్రశ్నల మీద అది మిగతా పద్ధతులన్నిటినీ మట్టి కరిపించింది. ఆ పత్రాన్ని ఇప్పటికి మూడు వేల నూట నలభై పత్రాలు ఉదహరించాయి. డిగ్రీ రోజుల్లో లైబ్రరీలో అది చదివిన తర్వాతే పెయ్‌యిన్ ఈ దారి పట్టింది. ఆమె ఇంట్లో అంతకుముందు కాలేజీ గుమ్మం తొక్కినవాళ్లు లేరు. ఇంత కష్టమైన సంగతిని తనలాంటిదానికి కూడా అర్థమయ్యేలా చెప్పే మనిషి ఉంటాడా అని ఆ రోజు ఆశ్చర్యపోయింది.

ఆ ఫలితాన్ని తన చేత్తో మళ్లీ రాబట్టాలని నాలుగేళ్లు కూర్చుంది. రాలేదు. లోపం తనదే అనుకుంది. మిషన్లు మొరాయించవన్న నమ్మకంతో అక్కడ సర్వరు మీద అందరూ పెట్టే పచ్చ చిరుతిళ్ల పొట్లానికి గడువు దాటిందేమోనని కొత్తది కొని పెట్టింది కూడా. చివరికి, మాటలు గుర్తుపట్టడానికి ఆ పద్ధతి వాడుకున్న ఆ కాలపు నిఘంటువు ఫైలు తెరిస్తే, అడుగున వరుస తప్పిన మాటలు కొన్ని కనిపించాయి. అన్నీ ఆ యాభై ప్రశ్నల్లోవే.

ఆ రోజుల్లో ల్యాబుల్లో అదొక అలవాటు. తప్పుగా విరిగిన మాట ఎవరి కంటబడినా వెంటనే నిఘంటువులో చేర్చేసేవారు. ఇల్లు ఊడ్చినంత మామూలుగా చేసేవారు. కానీ చేర్చినవి పరీక్ష ప్రశ్నల్లోని మాటలైతే, ప్రశ్నపత్రం ముందే చూసుకుని పరీక్ష రాసినట్టే.

“దొంగతనం కాదు మాస్టారూ, పొరపాటు.”

“అది నీకూ నాకూ. ఆ రాయి మీద మూడు వేల మంది ఇళ్లు కట్టుకున్నారమ్మాయ్.” మాస్టారు నిట్టూర్చారు. “సరే, పంపు. ‘కావచ్చు’, ‘అనిపిస్తోంది’ అని కాస్త మెత్తగా రాసి పంపు.”

ఆరు వారాలకు మూడు సమీక్షలు వచ్చాయి. రాసినవారి పేర్లు ఎప్పటిలాగే లేవు. మొదటిది రెండు వాక్యాలు: “పెద్దలను తప్పుపట్టే ముందు విద్యార్థి తన లెక్కలు సరిచూసుకోవాలి. తిరస్కరించండి.” రెండోది అటూ ఇటూ కాకుండా ఉంది. మూడోది నాలుగు పేజీలు.

“మీ వాదన పిరికిగా ఉంది. ‘కావచ్చు’ పదకొండు చోట్ల ఉంది, తీసేయండి. పొరపాటును పొరపాటు అనే రాయండి. చేత్తో చేర్చిన మాటల్లో మీరు సగమే పట్టుకున్నారు. ఆ ల్యాబు పాత నోటుపుస్తకాల ప్రకారం మిగిలినవి కింద ఇస్తున్నాను. అవీ తీసేసి ప్రయోగం మళ్లీ చేయండి. ఆ పత్రాన్ని నమ్మినవాళ్లకు ఈ సంగతి తెలియాలి. ఇప్పటికే ఆలస్యమైంది. ఈ పత్రాన్ని తప్పక తీసుకోండి.”

త్సెంగ్ మాస్టారు కుర్చీలోంచి లేచారు. “లియావ్! అనుమానమే లేదు, లియావే! ఆ ల్యాబులో ఔయాంగ్ పక్క బల్ల వాడు. ఆయన తన పదోన్నతికి సిఫారసు చెయ్యలేదని ఇరవయ్యేళ్లుగా పళ్లు నూరుతున్నాడు. ఇప్పుడు నీ భుజం మీద తుపాకీ పెట్టి కాలుస్తున్నాడు!”

“చెప్పింది తప్పంటారా?”

“అదే కదా నా ఏడుపు! ప్రతి అక్షరం నిజం.”

పెయ్‌యిన్ ప్రయోగం మళ్లీ చేసింది. ఔయాంగ్ పద్ధతి ఆధిక్యం పూర్తిగా పోయింది. ‘కావచ్చు’లన్నీ కొట్టేస్తుంటే, తనకు అక్షరభిక్ష పెట్టినవాడి మీద ఎవరి కక్షకో తాను కత్తినవుతున్నానని గుండె బరువెక్కింది. పత్రం ఎంపికైంది. పట్టా దక్కింది. సంతోషం మాత్రం రాలేదు.

తైనాన్‌లో సదస్సు. ముందు వరుసలో లియావ్ చేతులు కట్టుకుని, పెళ్లిభోజనానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. మూడో వరుసలో చేతికర్ర పక్కన పెట్టుకుని ప్రొఫెసర్ ఔయాంగ్. పెయ్‌యిన్ ఆయన వైపు చూడకుండానే ఇరవై నిమిషాలూ మాట్లాడింది. చివరి తెర మీద, చేత్తో చేర్చిన మాటల పట్టిక మొత్తం పెట్టింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరి తలలూ మూడో వరుసకు తిరిగాయి. ఔయాంగ్ మెల్లగా లేచి మైకు అందుకున్నారు. త్సెంగ్ మాస్టారు కళ్లు మూసుకున్నారు.

“పట్టికలో ఒకటి తక్కువైంది,” అన్నారు ఔయాంగ్. “పాలచేపల పెంపకం మీద ఒక ప్రశ్న ఉంది. ‘పాలచేప’ కూడా చేత్తో చేర్చిందే.”

హాల్లో ఎవరో చిన్నగా నవ్వారు. పెయ్‌యిన్ మొహం మాడిపోయింది. ఇంత పెద్దాయన్ని తప్పుపట్టడానికి వచ్చి, లెక్క సరిగా చూసుకోలేదు!

“క్షమించండి మాస్టారూ. నా అజాగ్రత్తే.”

“నీది కాదమ్మా,” అన్నారాయన, తల అడ్డంగా ఊపుతూ. “సమీక్షలో రాయడం నేనే మరిచాను.”