గొంతుకి ఎసరు

"ఆ బట్టల బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి, వీపు అటు పెట్టి పాడండమ్మా," అన్నాడు కొత్తగా వచ్చిన కీబోర్డాయన.

వదినకి ఒళ్ళు మండింది.

"ఎందుకూ? లోపల పెట్టి తాళం వేద్దామనా?"

"గోడకి తగిలిన గొంతు తిరిగొచ్చి మైకులో పడుతోంది. వెనక బట్టలుంటే అక్కడే ఇంకిపోతుంది. మైకు వీపు డ్రమ్ముల వైపుంటే ఆ మోతా తగ్గుతుంది."

అంతే. తన మూలకి పోయి కూర్చున్నాడు.

ఆదివారం వస్తే ఆ ఇంట్లో వెనకగది బ్యాండుదే. మంచాన్ని గోడకి నిలబెట్టి చోటు చేసుకునేవాళ్ళు. డ్రమ్ములు ఆమె భర్తవి. గిటారూ, కంప్యూటర్లో రికార్డింగూ మరిదివి. పాట ఆమెది. మరిది పిలిచే పిలుపే అలవాటై, వచ్చేపోయే వాళ్ళందరికీ ఆమె వదినే.

వచ్చిన చిక్కల్లా, రికార్డు చేసింది వింటే ఆమె గొంతు బావిలోంచి వస్తున్నట్టుండేది.

"నీ గొంతులో పస తగ్గిందేమో," అని భర్త ఒకసారి అననే అన్నాడు. ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకునే ఉంది.

సరిగ్గా ఆ తర్వాతే దిగబడ్డాడు ఈయన.

"ఎవరండీ ఆయన?" అని అడిగితే, "తెలిసినాయనలే," అన్నాడు భర్త, చూపు తిప్పుకుంటూ.

నోట్లోంచి మాట ఊడిపడదు. మొహం చూస్తే ఏమీ తెలియదు. అందుకే ఆమె ఆయనకి 'గుంభనంగారు' అని పేరు పెట్టింది.

గుంభనంగారు అందరికంటే ముందొస్తాడు. డ్రమ్ము మీద తువ్వాలు పరుస్తాడు. గిటారు స్పీకరుని ఆమెకి ఎడంగా తిప్పిస్తాడు. ఆమె పాడుతుంటే కళ్ళు మూసుకుని వింటాడు. ఒకనాడు ఆమె పాత పాటలన్నీ పెన్‌డ్రైవులో వేయించుకుని పట్టుకుపోయాడు.

"నా పాటలు ఆయనకెందుకు?"

"వింటాడట వదినా."

"వినడానికా, ఇంకెవరికైనా నేర్పడానికా?"

మరిది తల గోక్కున్నాడు.

వారం వారం రికార్డింగు తేటపడుతోంది. ఆమె పలికే ఒక్కో అక్షరం కడిగి ఆరబెట్టినట్టు వినపడుతోంది. అయినా ఆమెకి సంతోషం లేదు. ముందు మంచి అనిపించుకుని, ఆనక ఏకై వచ్చి మేకై కూర్చునేవాళ్ళు లోకంలో లేరా?

ఒకనాడు మంచినీళ్ళు పట్టుకెళుతుంటే పెరటి మెట్ల దగ్గర మాటలు వినపడ్డాయి.

"ఆవిడకి మాత్రం తెలియనివ్వకండి," అంటున్నాడు గుంభనంగారు.

"తెలిస్తే ఇంకేమైనా ఉందా," అన్నాడు భర్త.

గ్లాసులు అక్కడే గట్టు మీద పెట్టేసింది.

ఇంక సందేహం లేదు. తన చోటుకి ఎసరు పెడుతున్నాడు. రేపో మాపో ఏ చెల్లెలినో, మరదలినో వెంటబెట్టుకొచ్చి మైకు ముందు నిలబెడతాడు.

ఆ సాయంత్రం గుమ్మం దగ్గర ఆయన్ని ఆపింది.

"వచ్చేవారం నుంచి మీరు రానక్కర్లేదండి."

ఆయన ఒక్కసారి ఆమె మొహంలోకి చూశాడు.

"సరేనమ్మా. గొంతు జాగ్రత్త," అని చెప్పులేసుకున్నాడు.

ఆ చివరి మాట ఆమెకి బెదిరింపులాగే వినపడింది.

లోపల్నుంచి భర్త గానీ, మరిది గానీ "ఆగండి" అనలేదు.

తర్వాత మరిది ఇంకొకతన్ని తెచ్చాడు. హుషారైన మనిషి. పాట పొడుగునా కీబోర్డు మీంచి చెయ్యి తీయలేదు. వదిన బీరువా మూసేసి, గది నడుమ దర్జాగా నిలబడి పాడింది.

విన్నారు. పాట మళ్ళీ బావిలో పడింది.

బీరువా తెరిచి చూశారు. తువ్వాలు పరిచి చూశారు. కాస్త నయమే గానీ ఆ తేట మాత్రం రాలేదు.

"ఆయనున్నప్పటిది పెట్టు," అంది వదిన.

మరిది పెట్టాడు. తెర మీద ఒక్కొక్కరిదీ ఒక్కో గీత. వాయించినచోట గీత గుట్టలా లేస్తుంది, ఊరుకున్నచోట చదునుగా ఉంటుంది.

"కీబోర్డు గీత చెరిపేశావా?"

"లేదు వదినా. ఆయన వాయించిందే అంత."

ఆమె దగ్గరికి జరిగి చూసింది. తను పాడిన ప్రతిచోటా ఆ గీత చదునుగా పడుకునుంది. తను ఊపిరి తీసుకున్నచోట మాత్రం చిన్న గుట్టలా లేచి, మళ్ళీ అణిగిపోయింది.

"ఫోన్ చెయ్యి," అంది మెల్లగా.

నంబరు పనిచేయలేదు. మరిది బండేసుకుని వెళ్ళొచ్చాడు. గది ఖాళీ చేసి ఊరొదిలి పోయాడట. ఎక్కడికో ఇరుగుపొరుగుకి తెలియదు.

వదిన ఆ పాటే మళ్ళీ మొదట్నుంచి పెట్టించుకుని వింది.

"ఇంత చేసిన మనిషి, నా చోటులోకి ఎవర్ని తేవాలనుకున్నాడు?" అంది చివరికి.

"ఆయన ఎవర్నీ తేవాలనుకోలేదు వదినా," అని మరిది అన్న వైపు చూశాడు.

భర్త తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"మీరు చెప్పండి. కీబోర్డుకేగా ఆయన్ని పిలిచింది?"

భర్త నేలవైపు చూస్తూ అన్నాడు: "కాదు, నీ బదులు పాడమని నేను పిలిపించిన పాటగాడు; వచ్చినరోజే నీ పాట ఒకటి విని, 'ఈ గొంతుండగా నేనెందుకు, ఓ మూల చూపించండి చాలు' అన్నాడు."