పుదీనా మడి

దారిన పోతూ దాహమని ఆగిన ముసలాయన ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు.

పాపాయమ్మకి చిర్రెత్తుకొచ్చింది. ఆవిడ కుండలో నీళ్ళని అలా వదిలేసిన మనిషి ఆ వీధిలోనే లేడు.

ఆ నీళ్ళంటే మాటలు కాదు మరి. కొత్త కుండలో కడిగిన వట్టివేళ్ళ కట్ట, పల్చగా కోసిన నిమ్మకాయ చక్రాలు, కీరదోస ముక్కలు, గుప్పిట్లో నలిపిన పుదీనా. రాత్రి వేసి గుడ్డ కడితే, తెల్లారేసరికి వసారా అంతా ఘుమఘుమలాడిపోయేది.

అవసరం అలాంటిది. వేసవి అని కాలువలు కట్టేశారు. ఊరి మంచినీళ్ళ చెరువు అడుగంటింది. ఇక పెరట్లో నూతి నీళ్ళే గతి. చుట్టూ రొయ్యల చెరువులు పడ్డాక ఆ నీళ్ళు ఉప్పగా మారాయి. పాపాయమ్మ భర్త అచ్చిబాబు కూడా కిందటేడు తమ రెండెకరాలూ చెరువు చేశాడు. తుని నుంచి పురిటికి వచ్చిన కూతురు సూర్యకళ ఆ నీళ్ళు నోట పెడితే ఒట్టు. నీళ్ళు బాగా తాగాలని డాక్టరమ్మ చెప్పింది. అందుకే ఈ కుండ.

"ఏవీ వెయ్యని నీళ్ళు ఓ గుక్క ఇస్తారామ్మా?" అన్నాడు ముసలాయన.

వింత మనిషి అనుకుంటూ నూతి నీళ్ళు ఇచ్చింది. ఆయన నాలిక మీద పోసుకుని పక్కకి ఉమ్మేశాడు.

తలెత్తి అరుగు మీదున్న సూర్యకళ కాళ్ళకేసి చూశాడు. ఏడో నెల. పాదాలు పూరీల్లా పొంగి ఉన్నాయి.

"ఈ నీళ్ళు అమ్మాయికి పట్టకండమ్మా."

"ఏంటండీ ఆ మాట?"

"నిమ్మకాయ ఉప్పుని దాస్తుందంతే. తీసెయ్యదమ్మా. అమ్మాయి ఎంత తాగితే అంత ఉప్పూ లోపలికి..."

"చాల్లెండి! కడుపుతో ఉన్న పిల్ల ముందు అవేం మాటలండీ? లేవండి ముందు!"

ఆయన లేచాడు. గేటు బయట సైకిలుకి అటొకటి ఇటొకటి ప్లాస్టిక్ క్యాన్లు వేలాడుతున్నాయి.

"ఎగువ నుంచి మంచినీళ్ళు తెచ్చిపెడతానమ్మా. అవి పట్టండి" అని వెళ్ళిపోయాడు.

దిష్టి పెట్టి పోయాడని పాపాయమ్మ తేల్చేసింది. సాయంత్రం గుప్పెడు రాళ్ళుప్పు తీసి కూతురి చుట్టూ ముమ్మారు తిప్పి, బకెట్ నీళ్ళలో వేసింది. ఉప్పు కరిగిపోయింది. పాపాయమ్మ మనసు కుదుటపడింది.

మర్నాడు గేటు దగ్గర నిండు క్యాను కనిపించింది.

"ఓసారి తాగి చూద్దామా అమ్మా?" అంది సూర్యకళ.

"ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి. ఏం కలిపాడో ఏంటో!"

క్యాను తీసుకెళ్ళి గేటు పక్క పుదీనా మడి చివర కుమ్మరించింది. ఖాళీది గోడ మీద పెట్టింది. మర్నాడు ఖాళీది పోయి నిండుది వచ్చింది. అదీ అక్కడే కుమ్మరించింది. మొయ్యనీ, ఎన్నాళ్ళు మోస్తాడో చూద్దాం అనుకుంది.

మూడు వారాలు మోశాడు.

ఈలోగా వాపు కాళ్ళ నుంచి మొహానికి ఎక్కింది. డాక్టరమ్మ బీపీ చూసి మాత్రలు రాసి, ఉప్పు తగ్గించమంది. పాపాయమ్మ కూరల్లో ఉప్పు మానేసింది. మజ్జిగలో కూడా రవ్వంత వెయ్యలేదు. పిల్ల చప్పిడి తిండి తినలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, రెండు చెంబుల చోట నాలుగు చెంబుల కుండ నీళ్ళు బతిమాలి తాగించింది. పుదీనా ఇంకో గుప్పెడు వేసింది.

ఒకరోజు పొద్దున్నే సూర్యకళ తలనొప్పి అంది. కళ్ళు మసకలు కమ్ముతున్నాయంది. అంతలోనే ఫిట్స్ వచ్చి పడిపోయింది.

భీమవరం ఆసుపత్రిలో తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

"ఉప్పు తగ్గించమన్నాను కదమ్మా?" అంది డాక్టరమ్మ.

"చప్పిడి కూడే పెట్టానండీ. మీమీద ఒట్టు."

"మరి తాగే నీళ్ళు ఎక్కడివి?"

"మా నూతివేనండీ."

"రోజుకి ఎన్ని తాగేది?"

పాపాయమ్మ నాలుగు వేళ్ళు చూపించింది. "చెంబులండీ."

అయిదో రోజు, కూతురికి బట్టలు తీసుకెళ్దామని ఇంటికొచ్చింది. గేటు తీస్తూ ఆగిపోయింది.

తను రోజూ నూతి నీళ్ళు పోసిన పుదీనా అంచులు మాడి, గోధుమరంగుకి తిరిగి ఎండిపోతోంది. క్యాన్లు కుమ్మరించిన చివర మాత్రం పచ్చగా, ఏపుగా ఉంది. ఈ మూడు వారాలూ కుండలోకి ఆ చివరనున్న ఆకే కోసింది. బాగుందని కోసింది. ఎందుకు బాగుందో ఒక్కసారి ఆలోచించలేదు.

మడిలోనే కూలబడిపోయింది. గుండె పగిలేలా ఏడ్చింది.

సైకిలు చప్పుడైంది. ముసలాయన నిండు క్యాను గోడకి ఆనించి, అరుగు వైపు చూశాడు.

"నాలుగు రోజుల్నుంచి క్యాను నిండుగా అలాగే ఉంటోంది. అమ్మాయి కనబడటం లేదేంటమ్మా?"

పాపాయమ్మ లేచి ఆయన కాళ్ళ మీద పడింది.

"మీ నీళ్ళన్నీ ఈ మడిలో పోసేశానండీ! పిల్లకి చుక్క కూడా పట్టలేదండీ! బిడ్డ పోయాడండీ!"

ఆయన గోడ పట్టుకున్నాడు.

"క్యాను ఖాళీ అవుతుంటే... అమ్మాయి తాగుతోందనుకున్నానమ్మా."

"దేవుడిలా వచ్చి చెప్పారు. నేనే వినలేదండీ."

"ఆ మాట అనకండమ్మా. మా అమ్మాయీ పురిటికే వచ్చింది. మా నూతి నీళ్ళే తాగింది. మాకు తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు."

ఆయన చూపు గోడ అవతల ఎండకి తళతళలాడుతున్న చెరువుల మీదికి పోయింది.

"ఈ చుట్టుపక్కల మొట్టమొదటి రొయ్యల చెరువు తవ్వించింది నేనేనమ్మా."