హాజరులో లేని పేరు

యమున తాను రాసుకొచ్చిన కాగితం చదువుతూ చదువుతూ మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది.

పెదవులు కదిలాయి. కాగితం మీద కన్నీళ్ళు టపటపా రాలాయి.

గడప దగ్గర కూర్చున్న సమ్మవ్వ లేచింది. నేరుగా వచ్చి యమున చెయ్యి పట్టుకుంది.

"రా బిడ్డా, బయట గాలికి కూసుందాం."

ఇద్దరూ బయటికి వెళ్ళిపోయారు. బల్ల మీద పెట్టిన జూహీ ఫోను మాత్రం ఖాళీ కుర్చీని రికార్డు చేస్తూ ఉండిపోయింది.

ఇలా జరగడం ఇది నాలుగోసారి. జూహీకి ఒళ్ళు మండింది.

జూహీ గోదావరిఖని పిల్లే. లక్ష్మీనగర్‌లో లారీలు బాగుచేసే దస్తగిర్ కూతురు. హైదరాబాదులో పరిశోధన చేస్తూ, ఆ పని కోసమే ఇప్పుడు ఇంటికొచ్చి ఉంటోంది. బొగ్గుబావుల కథల్లో ఆడవాళ్ళు ఎలా ఉన్నారన్నది ఆమె అంశం. చదివిన కథల్లో మనసు చెదిరిన ఆడమనిషి కనిపిస్తే చాలు, ఆఖరి పేజీలో చచ్చిపోతుంది. లేదంటే పిచ్చిదై రోడ్డున పడుతుంది.

"ఆడవాళ్ళే రాసుకుంటే ఎట్లుంటది సార్?" అని గైడుని అడిగింది.

"రాయించి చూడమ్మా," అన్నాడాయన.

అలా మొదలైంది గని కార్మికుల కాలనీ కమ్యూనిటీ హాల్లో, ఆడవాళ్ళకు కథలు రాసే శనివారం క్లాసు. గేటుకు పోస్టరు అంటించి, ముగ్గురొస్తే గొప్ప అనుకుంది జూహీ. మొదటి వారమే పదకొండు మంది వచ్చారు. సంతోషంగా రిజిస్టరులో పేర్లన్నీ రాసుకుంది.

వాళ్ళ వెనకే వచ్చింది సమ్మవ్వ. అరవై దాటిన మనిషి.

"నాకు రాయరాదు బిడ్డా. ఊకె కూసుంట," అంది.

చాయ్ కోసం వస్తోందనుకుంది జూహీ. పేరు రాసుకోలేదు.

యమున ఏడ్చిన రోజు క్లాసు అయిపోయాక జూహీ సమ్మవ్వను ఆపింది.

"అవ్వా, వాళ్ళను మధ్యల లేపి తీస్కపోవద్దు. చదవనియ్యి. ఏడుపొస్తే ఏడ్వనియ్యి. ఏడిస్తేనే మనసు తేలికైతది."

"ఏడ్సుడు మంచిదే బిడ్డా. ఏడ్సినంక ఒక్కతే ఇంటికి పోవుడు మంచిది కాదు."

"ఇది నా చదువు అవ్వా. నువ్వు లేపి తీస్కపోతే అంత సగంల ఆగిపోతంది."

సమ్మవ్వ ఆమె మొహంలోకి చూసింది.

"నన్ను రావద్దంటవా?"

జూహీ తటపటాయించింది.

"రాసేటోళ్ళ కోసం పెట్టిన క్లాసు గదవ్వా."

"మంచిది తియ్."

కోపం లేదు. చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. దిగినామె వెనక్కి తిరిగింది.

"ఆ శోభను జెర చూసుకో బిడ్డా. అది ఏడ్వది."

మరుసటి శనివారం ఎవరూ ఎవరినీ మధ్యలో లేపి తీసుకెళ్ళలేదు. శోభ వంతు వచ్చింది. ఓపెన్‌కాస్టు గనిలో పనిచేసే నర్సింగం భార్య. నెమ్మదిగా, ఎక్కడా తడబడకుండా చదివింది.

ఒక ఆడమనిషి కథ అది. పొద్దున్నే మొగుడికి సద్ది కట్టి డ్యూటీకి పంపిస్తుంది. ఇల్లు కడుగుతుంది. బిందెలన్నీ నింపుతుంది. పక్కింట్లో తెచ్చుకున్న జల్లెడ తిరిగి ఇచ్చేస్తుంది. ఇంకేం పని మిగిలిందా అని ఇల్లంతా కలియజూస్తుంది. ఏమీ మిగల్లేదు. అక్కడితో అయిపోయింది.

జూహీ ఒక్కతే చప్పట్లు కొట్టింది. మిగతావాళ్ళు సమ్మవ్వ కూర్చునే గడప వైపు చూశారు.

"చాన మంచిగున్నదక్కా! ముగింపు ఎంత నిదానంగ రాసినవ్! ఎక్కడ నేర్చుకున్నవ్?"

శోభ నవ్వింది.

"నేర్సుకునేదేముంది మేడం."

మంగళవారం మధ్యాహ్నం యమున ఫోను చేసింది.

"మేడం... శోభక్క లేదు."

నర్సింగం మొదటి షిఫ్టు దిగి ఇల్లు చేరేసరికే అంతా అయిపోయింది.

జూహీ వెళ్ళేసరికి క్వార్టరు ముందు జనం. కడిగిన వాకిలి ఇంకా పూర్తిగా ఆరలేదు. లోపల నర్సింగం పక్కన సమ్మవ్వ కూర్చుని ఉంది. అతని చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.

జూహీకి దగ్గరికి వెళ్ళే ధైర్యం చాలలేదు. గోడవారన ఉన్న యమున పక్కన కూలబడింది.

"ఆమె చదివింది కథ కాదని మీకు తెల్సా?"

"తెల్సు మేడం."

"మరి నాకెందుకు చెప్పలే?"

యమున తల ఎత్తలేదు.

"మీరు చాన మంచిగున్నదన్నరు."

లోపల ఎవరో గొల్లుమన్నారు.

"సమ్మవ్వకన్న చెప్పకపోయిన్రా?"

"క్లాసుకు రావద్దన్నరని శ్రీరాంపూర్ల చెల్లె కాడికి పోయింది. గియ్యాల్నే వచ్చింది. ఆమె విని ఉంటె శనివారమే శోభక్క ఎంట ఇంటికి పోయేది. అన్నం తినిపిచ్చేది. నాలుగు దినాలు ఆడ్నే ఉండేది."

"ఎవరి ఎంట పోవాల్నో ఆమెకెట్ల తెలుస్తది యమునక్కా?"

యమున అప్పుడు తల ఎత్తి, మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది.

"మేం రాసుడు కొరకు రాలే మేడం, చావబోయి ఆమె చేతిల బతికినోళ్ళం మేం పదకొండు మందిమి, వారానికొక్కపారన్న అందర్నీ ఒక్కకాడ కండ్లార చూసుకోవచ్చని ఇంటింటికి తిరిగి మీ క్లాసుకు తోలుకొచ్చింది సమ్మవ్వనే."